నూటికి నూరు వచ్చిన వాక్యం

అత్తగారు మళ్ళీ ఒప్పుకోలేదు.

ఇక్కడ అత్తగారంటే మనిషి కాదు, ఒక ప్రోగ్రాము. ఆ ఆఫీసులో ఎవరు ఏ కోడు రాసినా ముందు దాని కంట పడాల్సిందే. అది పైనుంచి కిందదాకా చదివి, ఇక్కడ ఖాళీ ఎక్కువైంది, అక్కడ పేరు పొడుగైంది, ఈ క్లాసుకు వివరణ రాయలేదు అని ఎర్రక్షరాలతో సాధిస్తుంది. అన్నీ తనకు నచ్చినట్టు ఉంటేనే కోడును లోపలికి రానిస్తుంది. పనిలో ఓ చెయ్యి వెయ్యదు గానీ వంకలు మాత్రం పెడుతుంది కాబట్టి, కొత్తగా పెళ్ళయిన ఎవరో ఒకమ్మాయి దానికా పేరు పెట్టింది. పెట్టినమ్మాయి ఉద్యోగం మానేసి వెళ్ళిపోయినా పేరు మాత్రం స్థిరపడిపోయింది.

పెద్దక్క కుర్చీలో వెనక్కి వాలి పళ్ళు నూరింది. ఇంట్లో మొదటి సంతానం కాబట్టి అక్కడ ఆవిడ పెద్దక్క. ఆఫీసులో వయసులో అందరికంటే పెద్దది కాబట్టి ఇక్కడా అదే పిలుపు. పొద్దుట్నుంచి ఆవిడ రాయాలని చూస్తున్నది ప్రోగ్రాము కూడా కాదు, మామూలు మనుషులు చదివి అర్థం చేసుకునే రెండు మూడు ముక్కలు. రేపు పొద్దున్నకల్లా అవి లోపలికి వెళ్ళకపోతే తమ్ముడి ఉద్యోగం ఊడుతుంది. ఉద్యోగంతోపాటు వాడి మాటకున్న విలువ కూడా పోతుంది.

సంగతి మొదట్నుంచీ చెప్పుకుంటే గానీ తెలియదు. ఆ కంపెనీ అంబులెన్సులను పిలిచే సాఫ్ట్‌వేరు తయారుచేస్తుంది. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే ఫోను చేస్తారు, కంట్రోల్ రూములో ఉన్నవాళ్ళు వివరాలు కొట్టి మీట నొక్కుతారు, దగ్గర్లో ఉన్న బండిలో సెట్టు మోగుతుంది. సెట్టంటే డ్రైవరు ముందు తగిలించి ఉండే చిన్న పెట్టె. ఆ బండ్లలో ఒకదాన్ని నడిపేది పెద్దక్క తమ్ముడే. మీసాలకు రంగేసుకునే వయసొచ్చినా ఇంట్లో వాడు చిన్నోడే. "చిన్నప్పుడూ నువ్వు కేకేస్తే పరిగెత్తా, ఇప్పుడూ నువ్వు కేకేస్తే పరిగెత్తడమే. నా బతుకింతే కదక్కా," అని వేళాకోళమాడేవాడు.

పోయిన నెల ఒక వాన సాయంత్రం ఎవరో పెద్దాయన మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. కంట్రోల్ రూము చిన్నోడి బండికి సందేశం పంపింది. తెర మీద పచ్చగా 'చేరింది' అని వచ్చింది. చిన్నోడి బండి మాత్రం కదల్లేదు. అప్పుడు వాడు ఆసుపత్రి కింద, భూమి లోపలుండే పార్కింగులో, అంతకుముందు తెచ్చిన రోగిని అప్పజెప్పి స్ట్రెచరు కడుక్కుంటున్నాడు. చివరికి ఊరవతల్నుంచి ఇంకో బండి వెళ్ళేదాకా ఆ పెద్దాయన తడి మెట్ల మీదే మూలుగుతూ పడి ఉన్నాడు. ప్రాణానికేం కాలేదు గానీ, ఇక కర్ర లేకుండా నడవలేడన్నారు డాక్టర్లు. ఆయన కూతురు ఫిర్యాదు చేసింది. చెయ్యదా మరి? రికార్డు తీస్తే, సందేశం చేరింది, డ్రైవరు స్పందించలేదు అని ఉంది. చిన్నోణ్ణి బండి దించేసి విచారణ వేశారు.

"సెట్టు మోగలేదక్కా. ఒట్టు," అన్నాడు ఆ రోజు వాడు, పెద్దక్క ఇంట్లో వంటగది గుమ్మానికి ఆనుకుని.

పెద్దక్క లాప్‌టాప్ తెరిచింది. క్లాసంటే బళ్ళో క్లాసు కాదు. ప్రోగ్రాములో ఒక్కో పనికి ఒక్కో గది కట్టుకున్నట్టు కడతారు, ఆ గదిని క్లాసంటారు. గది బయట, లోపల జరిగే పనేమిటో రెండు ముక్కలు రాసి పెట్టాలి. అలాంటి ముక్కలన్నీ పోగుచేసి కంపెనీ వివరణ పేజీలు తయారుచేస్తుంది. ఆవిడకు కావలసిన పేజీ వెంటనే దొరికింది. 'డెలివరీ కన్ఫర్మేషన్' క్లాసు: సందేశం డ్రైవరుకు చేరినట్టు నిర్ధారిస్తుంది.

"చేరిందనే ఉందిరా," అంది పెద్దక్క. "కడిగే హడావుడిలో నీకు వినపడలేదేమో. నీళ్ళ చప్పుడు కూడా ఉంటుంది కదా."

చిన్నోడు అక్క ముఖంలోకి కాసేపు చూశాడు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఫోను చేస్తే పొడిపొడిగా రెండు మాటలు మాట్లాడి పెట్టేశాడు.

పెద్దక్కకు మనసు మనసులో లేదు. ఈ పొద్దున ఆఫీసుకు రాగానే ఆ పేజీని పక్కన పెట్టి అసలు క్లాసునే తెరిచి చదివింది. చదివేకొద్దీ అరికాలి మంట నెత్తికెక్కింది. లోపల డ్రైవరు ఊసే లేదు! సందేశం ఇక్కణ్ణుంచి ఫోను కంపెనీ టవరుకు వెళ్తుంది. టవరు 'నాకు అందింది' అంటుంది. ఆ మాట చాలు, ఈ క్లాసు 'చేరింది' అని పచ్చ గుర్తు వేసేస్తుంది. టవరు నుంచి బండి దాకా ఏమైందో దీనికి పట్టదు. బండి సిగ్నలు అందని చోట ఉంటే సందేశం టవరు దగ్గరే కూర్చుంటుంది. తెర మాత్రం పచ్చగా నవ్వుతుంది.

మరి డ్రైవరుకు చేరినట్టు అని రాసిందెవరు? పాత మార్పులన్నీ తిరగేసింది. ఎవరూ రాయలేదు. అత్తగారు ఆఫీసులో అడుగుపెట్టిన కొత్తలో, వివరణ లేని క్లాసుకు ఇక ప్రవేశం లేదని రూలు వచ్చింది. అప్పటికే క్లాసులు కుప్పలుగా పడి ఉన్నాయి, ఒక్కదానికీ వివరణ లేదు. కూర్చుని రాసే తీరిక ఎవరికుంది? అందుకని మేనేజరు ఒక చిన్న పనిముట్టు చేయించాడు. అది క్లాసు పేరును ముక్కలు చేస్తుంది, చివర 'నిర్ధారిస్తుంది' అనో 'లెక్కిస్తుంది' అనో ఒకటి అతికిస్తుంది, మధ్యలో తోచింది కూరి వాక్యంలా నిలబెడుతుంది. ఒక్క మధ్యాహ్నంలో అన్ని క్లాసులకూ వివరణలు మొలిచాయి. అత్తగారు నూటికి నూరు వేసింది. ఆఫీసులో కేకు కోశారు. పెద్దక్క కూడా ఓ ముక్క తింది.

అంటే ఆ వాక్యం రాసిన మనిషంటూ లోకంలో లేడు. దాన్ని పట్టుకుని తన తమ్ముణ్ణి అందరూ అబద్ధాలకోరు అన్నారు. తనూ అన్నంత పని చేసింది. ఆ ఆలోచన రాగానే పెద్దక్కకు తన మీద తనకే అసహ్యం వేసింది.

విచారణ చేసే ఆవిడ సాఫ్ట్‌వేరు వివరణలు పంపమని కంపెనీని అడిగింది. విచారణ రేపు. పేజీలు వాటంతటవే తయారవుతాయి గానీ, అత్తగారు ఒప్పుకున్న వాక్యమే పేజీలోకి ఎక్కుతుంది. అందుకే పెద్దక్క పొద్దుట్నుంచి ఈ కుస్తీ పడుతోంది.

మొదట ఉన్న సంగతి ఉన్నట్టు రాసింది. ఈ క్లాసు సందేశం టవరుకు అందిందని మాత్రమే చెబుతుంది, డ్రైవరుకు చేరిందో లేదో దీనికి తెలియదు, జాగ్రత్త. అత్తగారు ఒంటికాలి మీద లేచింది. నిషేధించిన పదాలు వాడారు: లేదో, తెలియదు, జాగ్రత్త.

ఈ నిషేధం వెనక కూడా ఒక భాగోతం ఉంది. ఎప్పుడో ఒక పెద్ద క్లయింటు ఆఫీసు చూడ్డానికొచ్చి, ఎవరి తెర మీదో 'ఇది ఎందుకు పనిచేస్తుందో తెలియదు, ముట్టుకోవద్దు' అని రాసి ఉండటం చదివి హడలిపోయాడు. ఆ సాయంత్రమే మేనేజరు వివరణల్లో వాడకూడని మాటలకు పట్టీ వేయించాడు. లోపం, అనుమానం, పొరపాటు, జాగ్రత్త, తెలియదు, కాదు, లేదు. శుభమా అని పని చేసుకుంటుంటే అపశకునం మాటలెందుకండీ అన్నాడు. అందరూ నవ్వుకుని ఊరుకున్నారు.

పెద్దక్క ఆ మాటలన్నీ ఏరేసి మళ్ళీ రాసింది. ఈసారి ఇంకో వంక. వివరణ మొదటి వాక్యంలో క్లాసు పేరు కనపడటం లేదు. పేరు పెట్టింది. వాక్యం పొడుగైంది. విరిచింది. రెండో సగం పక్క క్లాసు వివరణలా ఉంది, కాపీ కొట్టారా? పెద్దక్క బల్ల మీద చేత్తో కొట్టింది, టీ కప్పు ఎగిరిపడింది.

అసలు పేరే తప్పు కదా, దాన్నే మార్చేద్దామనుకుంది. ఆ పేరు వాడుకునే క్లాసులు వేరే జట్ల చేతుల్లో ఉన్నాయి, వాళ్ళూ మార్చుకుంటే గానీ కుదరదు. ఒక జట్టు నాయకుడు సెలవులో ఉన్నాడు, ఇంకొకాయన వచ్చే వారం చూద్దామన్నాడు. రేపటి విచారణ వచ్చే వారం దాకా ఆగుతుందా?

పక్క కుర్చీలో కొత్తగా చేరినమ్మాయి ఇదంతా చూస్తూనే ఉంది. "అక్కా, ఈ ఒక్క క్లాసునీ వదిలెయ్యమని మినహాయింపు పెట్టొచ్చు కదా?" అంది.

"పెట్టొచ్చమ్మా. నూటికినూరు ఒప్పుకోవాలి."

నూటికినూరు అంటే మేనేజరే. అత్తగారు వేసే మార్కు ఒక్కటి తగ్గినా ఆయనకు అన్నం సయించదు కాబట్టి ఆ పేరొచ్చింది. చెడ్డవాడని కాదు. ఎవరైనా సెలవడిగితే కాదనడు, పుట్టినరోజులు గుర్తుపెట్టుకుంటాడు. గాజు గోడల గదిలో కూర్చుంటాడు, గోడ మీద పెద్ద తెర, దాని మీద ఎప్పుడూ వంద అంకె. పెద్దక్క వెళ్ళి జరిగిందంతా చెప్పింది. నెత్తీ నోరూ బాదుకుని చెప్పింది.

ఆయన సాంతం విన్నాడు. "మీ బాధ నాకర్థమైంది," అన్నాడు. "కానీ మినహాయింపు పెడితే స్కోరు తగ్గుతుంది కదండీ. వచ్చే వారమే క్లయింటు రివ్యూ."

"స్కోరు తగ్గితే ఏమవుతుంది సార్?"

"ఎందుకు తగ్గిందని అడుగుతారు."

"అడగనివ్వండి. వివరణ తప్పు, దిద్దామని చెబుదాం."

నూటికినూరు బల్ల మీద పెన్నును అటు జరిపి ఇటు జరిపాడు. "తప్పని మనమే అంటే ఎలాగండీ? ఇన్నాళ్ళూ నూటికి నూరు తెచ్చుకున్న పేజీ అది. పైగా అడుగుతున్నది ఆ డ్రైవరు అక్కగారు. నలుగురూ ఏమనుకుంటారు? ఇంటి విషయం కాబట్టి మీరు కొంచెం ఆవేశపడుతున్నారేమో ఆలోచించండి."

"ఆవేశమే సార్. ఆ పేజీలో ఉన్నది పచ్చి అబద్ధం. దాన్ని పట్టుకుని ఒక మనిషి నోటి దగ్గర కూడు లాగేస్తుంటే ఆవేశం రాదా?"

"అబద్ధమనకండి. ఎవరూ కావాలని రాయలేదు కదా," అన్నాడాయన మెల్లగా.

అది నిజమే కావడం పెద్దక్కకు పుండు మీద కారం చల్లినట్టైంది. తిట్టడానికి కూడా ఒక మనిషి దొరకలేదు. గాజు తలుపు విసురుగా వేద్దామంటే అది మెత్తగా, చప్పుడు లేకుండా తనంతట తనే మూసుకునే రకం. కసి తీర్చుకునే దారి అక్కడ కూడా లేకపోయింది.

సాయంత్రం ఇంటికెళ్ళి భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని మళ్ళీ మొదలెట్టింది. మళ్ళీ ఎర్రక్షరాలు. "ఈ అత్తగారి పీడ నాకెప్పుడు విరగడవుతుందో!" అంది గట్టిగా.

"నేనేం చేశానమ్మా?" అంటూ అసలు అత్తగారు ఉతికిన బట్టల బుట్టతో గుమ్మంలో ప్రత్యక్షమైంది.

పెద్దక్క నాలుక కరుచుకుంది. మిమ్మల్ని కాదత్తయ్యా అని సంగతంతా చెప్పాల్సి వచ్చింది. లేదు, కాదు, తెలియదు అనే మాటలు వాడకుండా, డ్రైవరుకు చేరినట్టు కాదని చెప్పాలి, ఎలా చచ్చేది అని మొత్తుకుంది.

అత్తగారు ఒక దుప్పటి మడతపెడుతూ విన్నది. "ఇంతేనా? ఎదురింటావిడ మన నిచ్చెన అడిగినప్పుడల్లా నేను ఇవ్వనన్నానా ఎప్పుడైనా? నిచ్చెన మా అబ్బాయి గదిలో ఉందండీ, గది తాళం వాడి దగ్గరుందండీ అంటా. ఆవిడే వెళ్ళిపోతుంది. ఏదెక్కడిదాకా ఉందో చెప్పి ఊరుకోవాలమ్మా. మిగతాది అవతలివాళ్ళే అర్థం చేసుకుంటారు."

పెద్దక్క ఆవిడ వంక గుడ్లప్పగించి చూసింది. వెంటనే తిరిగి కూర్చుని కొట్టింది. డెలివరీ కన్ఫర్మేషన్, సందేశం టవరు దాకా వెళ్ళినట్టు నిర్ధారిస్తుంది. టవరు నుంచి బండి దాకా ఉన్న దారి ఈ క్లాసుకు బయట ఉంది. బండిలో సెట్టు ఆపేసి ఉన్నప్పుడు కూడా తెర మీద 'చేరింది' అనే వస్తుంది.

ప్రోగ్రాము అత్తగారు కాసేపు ఆలోచించింది. పచ్చ గుర్తు వేసింది. నూటికి నూరు. కొత్త పేజీ తయారైంది. పెద్దక్క అసలు అత్తగారిని గట్టిగా వాటేసుకుంది. మడతపెట్టిన దుప్పటి కాస్తా నేలపాలైంది. అమ్మయ్య, గట్టెక్కామనుకుంది.

గట్టెక్కలేదు.

విచారణ జరిగిన గది చిన్నది. పొడుగాటి బల్ల, గోడవారగా ఫైళ్ళ బీరువా, కదిలితే కిర్రుమనే కుర్చీలు. బల్లకు ఆ చివర విచారణాధికారిణి కూర్చుంది. నెరిసిన జుట్టు, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళజోడు, అడిగిందే మళ్ళీ అడిగి రాసుకునే మనిషి. కంపెనీ తరఫున నూటికినూరు వచ్చాడు. చిన్నోడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బండిలోంచి తీసిన సెట్టు సాక్ష్యంగా బల్ల మీద ఉంది. పేజీ మార్చిన మనిషి కూడా రావాలని కబురు పెట్టడంతో పెద్దక్క వచ్చింది.

"నా దగ్గర రెండు పేజీలున్నాయి," అంది విచారణాధికారిణి. "మొదట పంపినదాంట్లో డ్రైవరుకు చేరినట్టు అని ఉంది. ఈ పొద్దున వచ్చినదాంట్లో టవరు దాకానే అని ఉంది. మార్పు నిన్న సాయంత్రం జరిగింది. చేసింది మీరు. మీరు ఇతనికి ఏమవుతారు?"

"అక్కనండి."

ఆవిడ కళ్ళజోడు తీసింది. అక్క వంకా, తమ్ముడి వంకా మార్చి మార్చి చూసింది. పెద్దక్క ముఖం కందగడ్డలా అయింది. పేజీ అడుగున ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో అచ్చవుతుందన్న సంగతి ఆవిడకు తెలియక కాదు. నిజం రాస్తే చాలు, ఎవరు రాశారని ఎవరడుగుతారులే అనుకుంది. ఎవరూ రాయని వాక్యానికి అనుమానం లేదు. రాసినవాళ్ళు ఉండటమే ఈ వాక్యం చేసుకున్న పాపం.

"పాత పేజీకి మా తనిఖీలో నూటికి నూరు వచ్చిందండి," అన్నాడు నూటికినూరు, ఎవరి ముఖమూ చూడకుండా. "కంపెనీ దాన్నే ప్రామాణికంగా తీసుకుంటుంది."

"నూటికి నూరా?" అంది విచారణాధికారిణి. ఆ మాట రాసుకుంది.

చిన్నోడు తల దించుకున్నాడు. ఇక ఉగ్గబట్టుకోవడం పెద్దక్క వల్ల కాలేదు.

"కొత్త పేజీకి ఎంతొచ్చిందో కూడా అడగండి మేడం."

"ఎంతొచ్చింది?"

నూటికినూరు గొంతు సవరించుకున్నాడు. "వంద," అన్నాడు.

"రెండూ ఒకదానికొకటి పడని మాటలు. రెండింటికీ వందే," అంది పెద్దక్క. "ఆ తనిఖీ వాక్యం ఉందా లేదా చూస్తుంది మేడం. చుక్క పెట్టామా లేదా చూస్తుంది. నిజమో కాదో దానికి అక్కర్లేదు. పాత వాక్యం ఏ మనిషీ రాసింది కాదు. పేరును ముక్కలు చేసి ఒక యంత్రం అతికించింది, ఇంకో యంత్రం మార్కులేసింది. మధ్యలో మా వాడు దొరికాడు."

"అయితే నేను దేన్ని నమ్మాలి?"

"దేన్నీ నమ్మొద్దు. నాదీ నమ్మొద్దు. చూడండి."

పెద్దక్క లేచి బల్ల మీద సెట్టు అందుకుని విచారణాధికారిణి ముందు పెట్టింది. వెనక మూత తీసి బ్యాటరీ లాగి చేతికిచ్చింది. కంట్రోల్ రూముకు మీరే ఫోను చేసి, ఈ సెట్టుకు ఒక సందేశం పంపమని చెప్పండి అంది. విచారణాధికారిణి బ్యాటరీని ఎడమ చేతిలో పట్టుకుని కుడిచేత్తో ఫోను చేసింది. అందరికీ వినపడేలా స్పీకరు పెట్టింది. బండి నంబరు చెప్పింది. అవతల మీటలు కొడుతున్న చప్పుడు వినిపించింది.

"పంపానండి," అంది అవతలి గొంతు.

బల్ల మీద సెట్టు చచ్చినట్టు పడి ఉంది. గదిలో ఎవరి కుర్చీ కిర్రుమనలేదు.

"చేరిందండి," అంది గొంతు. "పచ్చగా వచ్చింది. డ్రైవరుకు అందింది."

విచారణాధికారిణి తన చేతిలో ఉన్న బ్యాటరీని చూసుకుంది. మళ్ళీ పంపమంది. మళ్ళీ చేరింది. నూటికినూరు జేబురుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. ఆయన నిజంగానే ఇప్పటిదాకా ఆ సంగతి ఎరగడని పెద్దక్కకు అర్థమైంది. దాంతో కోపం తగ్గకపోగా ఇంకా పెరిగింది. ఇన్ని పేజీలు, ఇన్ని మార్కులు, ఇంతమంది చదువుకున్నవాళ్ళు, ఒక్కళ్ళైనా బ్యాటరీ తీసి చూశారా? తనతో సహా.

ఆ తరవాత పని చకచకా అయిపోయింది. డ్రైవరు తప్పేమీ లేదని విచారణాధికారిణి అక్కడే రాసింది. రేపట్నుంచి బండెక్కవచ్చు, ఇక్కడ సంతకం పెట్టమని కాయితం చిన్నోడి వైపు తిప్పి పెన్నిచ్చింది. పెద్దక్కకు ఒక్కసారిగా ఒళ్ళంతా తేలికైపోయి ఏడుపొచ్చింది.

చిన్నోడు పెన్ను తీసుకున్నాడు గానీ సంతకం పెట్టలేదు.

"మేడం, వేసవిలో ఒకాయన్ని తీసేశారు," అన్నాడు. "మా స్టాండులోనే ఉండేవాడు. పాటలు పాడుకుంటూ బండి తుడిచేవాడు. ఆయన మీద కూడా ఇదే రాశారు. చేరింది, స్పందించలేదు అని."

"నా దాకా రాలేదే?"

"విచారణ కూడా వెయ్యలేదు మేడం. తాగి పడుకున్నాడన్నారు, తీసేశారు. సెట్టు మోగలేదని ఆయన ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. తెర మీద పచ్చగా కనపడుతుంటే ఇంకా ఎందుకు బుకాయిస్తాడని అందరూ నవ్వారు." వాడు పెన్నును కాయితం పక్కన పెట్టేశాడు. "ముందు నవ్వింది నేనే."

పెద్దక్కకు పిచ్చికోపం వచ్చింది. చేతికొచ్చిన ఉద్యోగంరా, సంతకం పెట్టి చావరా, మిగతావి రేపు చూసుకుందాం అని వాడి నెత్తిన ఒక్కటి మొట్టాలనిపించింది. నోరు తెరిచింది కూడా. వాడి కళ్ళు చూసి మూసేసింది.

"ఆయన్ని పిలవండి మేడం," అన్నాడు చిన్నోడు. "ఆయన పెట్టాక నేను పెడతా."

నూటికినూరు ఏదో అనబోయాడు. విచారణాధికారిణి చెయ్యెత్తి ఆపింది. కళ్ళజోడు పెట్టుకుని కొత్త కాయితం ముందుకు లాక్కుంది.

"ఎక్కడుంటాడతను?"

చిన్నోడు అక్క వైపు చూశాడు, బల్ల వైపు చూశాడు.

"తెలీదు మేడం," అన్నాడు. "తీసేశాక ఏమయ్యాడో మాలో ఎవరమూ అడగలేదు."

పెద్దక్క కళ్ళు తుడుచుకుని కుర్చీ వెనక్కి నెట్టింది.

"లేవరా," అంది. "వెతుకుదాం పద."